కాపలా లేని బల్ల

విమానం కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన గడియారం చూసి, చొక్కా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి టైము రాసుకున్నారు. టికెట్టు మీద ఉన్న టైముకీ, కదిలిన టైముకీ రెండు నిమిషాలు తేడా. ఆ రెండు నిమిషాలూ ఆయన క్షమించారు.

ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ముగిసినా పిలుపు మారలేదు. కాలనీలో, గుళ్ళో, పాలవాడి దగ్గర ఇప్పటికీ ఆయన డీఎం గారే. బండి ఎవరిదైనా సరే, బయల్దేరిన టైము, చేరిన టైము రాసుకోకపోతే ఆయనకు ప్రయాణం చేసినట్టుండదు. డిపో మేనేజర్లలో ఇలాంటివాళ్ళు అరుదు. అరుదు కావడమే సిబ్బంది అదృష్టం.

పక్క సీట్లో భార్య. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. మెల్‌బోర్న్‌లో కూతురికి రెండో కాన్పు, అందుకే ఈ ప్రయాణం. తిండి సామాను దాచిపెట్టి దొరికితే ఆస్ట్రేలియాలో జరిమానా తప్పదని కూతురు వారం రోజులు ఫోన్లో హెచ్చరించింది. దాంతో సూట్‌కేసులో ఉన్నవన్నీ డీఎం గారు ఒక కాగితం మీదికి ఎక్కించారు. వాము, శొంఠి, ఇంగువ, పసుపు. ఆ కాగితానికి రెండు జిరాక్సులు తీయించారు.

టికెట్టు అల్లుడు కొన్నాడు. చవకగా వచ్చింది. అందుకుగాను సింగపూర్‌లో పొద్దున దిగి రాత్రి దాకా ఆగాలి. అల్లుడి ఉద్దేశం, ఎయిర్‌పోర్టులోనే కుర్చీలు చూసుకుని కూర్చుంటారని. డీఎం గారు రూల్సు తెప్పించుకుని చదివారు. మనవాళ్ళకు సింగపూర్ వెళ్ళాలంటే వీసా కావాలి. కానీ చేతిలో ఆస్ట్రేలియా వీసా, ముందుకు పోయే టికెట్టు ఉంటే 96 గంటల దాకా వీసా లేకుండానే ఊళ్ళోకి పోనిస్తారు. రూలు ఒక సౌకర్యం ఇస్తుంటే వాడుకోకపోవడం ఆయన దృష్టిలో నేరం.

నాలుగున్నర గంటల ప్రయాణం. దిగేసరికి గడియారాలు రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవలసి వచ్చింది. ఆ రెండున్నర గంటలూ ఆవిడ నిద్రలోంచే పోయాయి.

చాంగీ విమానాశ్రయంలో కార్పెట్టు మీద నడిచారు. అంత పెద్ద చోట అడుగుల చప్పుడు లేదు. ఇమ్మిగ్రేషన్ దాటి, జువెల్ అనే అద్దాల మేడలోకి వెళ్ళారు. 2019లో తెరిచారు దాన్ని. లోపల ఒక అడవి, అడవి మధ్యలో కప్పు నుంచి 40 మీటర్లు కిందికి దూకే జలపాతం. వీళ్ళు వెళ్ళేసరికి నీళ్ళు ఇంకా వదల్లేదు. చెట్ల మధ్య ఒక బెంచీ ఉంది. ఆవిడ కూర్చుంది.

“ఇక్కడే ఉందామండీ. నీళ్ళు వదిలాక చూసి, రాత్రికి ఇటునుంచి ఇటే పోదాం.”

“నీళ్ళు మన శ్రీశైలంలో లేవా? లేవవే, ఊరు చూడాలి.”

ఆవిడ లేచింది.

రైలు స్టేషన్ కిందే ఉంది. ఎక్స్‌పో దగ్గర దిగి ఇంకో రైలు మారితే నేరుగా లిటిల్ ఇండియా. ప్లాట్‌ఫారం మీద డీఎం గారు మొదటిసారి ఆగిపోయారు. తలుపు తెరుచుకునే చోట నేలమీద బాణాలు గీసి ఉన్నాయి. మధ్యలో దిగేవాళ్ళకు, రెండు పక్కలా ఎక్కేవాళ్ళకు. రైలు వచ్చింది. దిగేవాళ్ళు మధ్యలోంచి దిగారు. ఎక్కేవాళ్ళు పక్కన నిలబడి, వాళ్ళు దిగాక ఎక్కారు. అరిచిన వాళ్ళు లేరు, తోసిన వాళ్ళు లేరు. విజిల్ వేసే మనిషి కూడా లేడు.

“చూశావా?” అన్నారాయన.

“చూశాను,” అంది ఆవిడ, కూర్చునే చోటు వెతుక్కుంటూ.

ఫోన్లో తలదూర్చి కూర్చున్న ఒక కాలేజీ అమ్మాయి ఆవిడ నడక చూసి లేచింది. లేచి, మళ్ళీ ఫోన్లో తలదూర్చింది. డీఎం గారు నోటుపుస్తకం తీశారు. చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పి, కొత్త శీర్షిక పెట్టారు: మనం నేర్చుకోవలసినవి. బాణాలు మొదటి అంశం. అమ్మాయి రెండోది. మూడోది బోగీలో గోడ మీద దొరికింది. రైల్లో ఏమైనా తింటే, తాగితే 500 డాలర్ల జరిమానా. పనసపండు చుట్టంలాంటి దురియన్ పండు తేవడమే నిషేధం, దాని వాసనకు. ఇక్కడ చూయింగ్ గమ్ అమ్మకం 1992లోనే ఆపేశారన్న సంగతి ఆయనకు ముందే తెలుసు. అది నాలుగోది.

“లీ క్వాన్ యూ అని ఒక్క మనిషి,” అని మొదలుపెట్టారు. రైలు బుగిస్ దాటేదాకా చెప్పారు. 1965లో మలేషియా నుంచి విడిపోయినప్పుడు ఈ దేశం దగ్గర ఏమీ లేదు, తాగే నీళ్ళు కూడా పక్క దేశం నుంచి రావలసిందే. మనిషిని మార్చాడు, అంతే. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. రాత్రి నిద్ర లేదు మరి.

లిటిల్ ఇండియాలో స్టేషన్ బయటికి రాగానే మల్లెపూల వాసన. ఆదివారం. సెరంగూన్ రోడ్డు నిండా మన మొహాలే. వారమంతా కట్టడాల దగ్గర, ఓడల రేవుల్లో పనిచేసేవాళ్ళు సెలవు రోజున ఇక్కడికి చేరతారు. ఇళ్ళకు డబ్బు పంపుకుంటారు, సరుకులు కొనుక్కుంటారు, ఊరివాళ్ళను కలుస్తారు. బోర్డుల మీద ఇంగ్లీషు, చైనీసు, మలయ్‌లతో పాటు తమిళం కూడా ఉంది. అది అక్కడ అధికార భాష. వీరమాకాళి అమ్మవారి గుడిలో ఆవిడ ఒక స్తంభానికి ఆనుకుని అరగంట కూర్చుంది. పొద్దుటి నుంచి ఆవిడకు నచ్చిన చోటు అదొక్కటే. మధ్యాహ్నం గుడి మూసే వేళైంది. లేవక తప్పలేదు.

భోజనానికి టెక్కా సెంటరుకు వెళ్ళారు. పైన బట్టల కొట్లు, కింద కూరగాయలు, చేపలు, ఒక పక్కన తిండి కొట్లు. సింగపూర్ అంతా ఇలాంటి కేంద్రాలున్నాయి. ఒకప్పుడు వీధుల్లో బండ్ల మీద అమ్ముకునేవాళ్ళను 1970ల నుంచి ప్రభుత్వం ఇలా కప్పు కిందికి, కుళాయి దగ్గరికి తెచ్చింది. 2020లో యునెస్కో ఈ తిండి కేంద్రాల సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ముక్క కూడా డీఎం గారు ఆవిడకు చెప్పారు. ఆవిడ అప్పటికి స్టూలు కోసం చూస్తోంది.

జనం కిక్కిరిసి ఉన్నారు. బిర్యానీ కొట్టు ముందు పెద్ద వరస. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కింద చెమట తగ్గడం లేదు.

లోపలికి అడుగుపెడుతుండగానే ఒక ముసలి చైనా ఆవిడ ఎదురొచ్చింది. నడుము వంగిపోయింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచి నిండా చిన్న చిన్న టిష్యూ కాగితాల ప్యాకెట్లు. రెండు తీసి చూపింది. అక్కడి కొట్లలో చేతులు తుడుచుకోవడానికి కాగితాలివ్వడం తక్కువ. అందుకని ఇలాంటి వృద్ధులు బల్లల మధ్య తిరిగి అమ్ముకుంటారు.

భార్య పర్సు తెరిచింది. “పాపం, మనకంటే పెద్దావిడలా ఉంది.”

“ఒద్దు,” అన్నారు డీఎం గారు. “అడుక్కోవడానికి ఇదొక పద్ధతి. మనలాంటివాళ్ళు ప్రోత్సహించకూడదు. నా దగ్గర కర్చీఫుంది.”

పర్సు మూసుకుంది. ముసలావిడ ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళింది.

రెండు చుట్లు తిరిగారు. ఎక్కడా ఖాళీ లేదు. మూడో చుట్టులో ఒక బల్ల కనిపించింది. నాలుగు స్టూళ్ళూ ఖాళీ. ఆవిడ చెయ్యి ఆనించి కూర్చోబోయింది. పక్క బల్ల దగ్గర తింటున్న తమిళావిడ వేలెత్తి, “ఆళ్ ఇరుక్కు,” అంది.

డీఎం గారు అటూ ఇటూ చూశారు. మనిషెవరూ లేరు. తమిళావిడ గడ్డంతో బల్ల మధ్యకు చూపింది. అక్కడ ఒక టిష్యూ ప్యాకెట్టుంది.

అప్పుడాయన మిగతా బల్లలు చూశారు. అక్కడొకటి, ఇక్కడొకటి, మనుషుల్లేని బల్లల మీద ప్యాకెట్లున్నాయి. ఒకచోట గొడుగు. ఒకచోట మెడలో వేసుకునే ఆఫీసు కార్డు. బల్ల చూసుకోవడం, ఏదో ఒక వస్తువు పెట్టడం, వరసలో నిలబడి భోజనం తెచ్చుకోవడం. ట్రేలు పట్టుకుని తిరుగుతున్న వాళ్ళు ఆ బల్లల పక్కనుంచే పోతున్నారు. ప్యాకెట్టు చూసి ముందుకు నడుస్తున్నారు. ఒక్కరూ దాన్ని కదిలించడం లేదు.

డీఎం గారు చాలాసేపు ఆ ప్యాకెట్టునే చూశారు. తర్వాత నోటుపుస్తకం తీసి, ఆరేడు వాక్యాలు రాశారు. పొద్దుటి నుంచి దేనికీ అంత రాయలేదు.

దానికి కారణం ఉంది. సర్వీసంతా ఆయన పోరాడింది ఒకే ఒక్క దానిమీద. డీజిలు దొంగల మీద కాదు, టికెట్టు కొట్టని కండక్టర్ల మీద కాదు. కిటికీలోంచి పడే దస్తీ మీద.

బస్సు వెనక్కి వచ్చి ప్లాట్‌ఫారానికి ఆనకముందే జనం కిటికీల కింద పరుగెత్తుతారు. దస్తీలు, తువ్వాళ్ళు, టోపీలు, కూరగాయల సంచులు, ఒక్కోసారి చెప్పులు, ఇంకోసారి చంటిపిల్లలు కిటికీలోంచి సీట్లలో పడతారు. తలుపు దగ్గర తోపులాట తర్వాత. సీట్లు అప్పటికే పంచుకోవడం అయిపోయి ఉంటుంది. డీఎం గారు పనిచేసిన ప్రతి డిపోలో బస్టాండు గోడ మీద ఎర్ర రంగుతో బోర్డు రాయించారు. గుడ్డలు వేసి సీట్లు ఆపరాదు. బోర్డు కింద కూర్చునే జనం దస్తీలు మడుచుకునేవారు. అప్పుడు కండక్టర్లకు ఆర్డరు వేశారు. సీట్లో గుడ్డ కనిపిస్తే తీసి డిపోకు పంపాలి. ఒక ఇనప్పెట్టె నిండింది. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు.

పండగ రోజుల్లో స్వయంగా ఆయనే బస్సెక్కేవారు. ఒక సంక్రాంతికి హన్మకొండ బండిలో రెండో వరస సీట్లోంచి తువ్వాల తీసి, ముందు లోపలికొచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. తువ్వాల తాలూకు మనిషి తర్వాత వచ్చింది. చంకలో పిల్లవాడు. వాణ్ణి ఎత్తుకుని తలుపు దగ్గర తోసుకురాలేక కిటికీలోంచి వేశానంది.

“సీటు మనిషికమ్మా, గుడ్డకు కాదు,” అన్నారు డీఎం గారు.

ఆమె నిలబడే పోయింది. ఆ రాత్రి అన్నం తింటూ భార్యకు ఆ సంగతి చెప్పారు. రూలు ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలని వివరించారు. ఆవిడ మజ్జిగ పోసింది.

రిటైరైన రోజు స్టాఫ్ శాలువా కప్పి, చేతిలో ఒక అట్టపెట్టె పెట్టారు. విప్పితే డజను తెల్ల కర్చీఫులు. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదుగాని, కర్చీఫులు మంచి నూలువి కావడంతో వాడుకుంటున్నారు.

“ఇదీ సంస్కారమంటే,” అన్నారు టెక్కా సెంటరులో, ప్యాకెట్టు వైపు చూస్తూ. “మనవాళ్ళకు పోలీసును పెట్టినా రాదు. ఇక్కడ కాగితం ముక్క పెడితే చాలు. పక్కవాడు దానికి మర్యాద ఇస్తున్నాడు చూడు. మనిషికిచ్చినట్టు ఇస్తున్నాడు.”

“ఎక్కడైనా కూర్చుందామండీ,” అంది ఆవిడ.

స్తంభం పక్కన ఒక కుటుంబం లేచింది. ట్రేలు తామే ఎత్తుకుని గూటిలో పెట్టి వెళ్ళారు. అలా పెట్టకపోతే 2021 నుంచి అక్కడ నేరమే. బల్ల మీద ప్యాకెట్టు లేదు. ఆవిడ గబగబా వెళ్ళి స్టూలు మీద కూర్చుని మోకాళ్ళ మీద చేతులేసుకుంది.

“నేనిక్కడుంటాను. మీరు వెళ్ళి రెండు దోసెలు తీసుకురండి.”

“నువ్వెందుకు ఉండటం? లే, ఇద్దరం పోదాం.”

“నేను కూర్చుంటే బల్ల పోదు కదా.”

“కాపలా కాయడం మన ఊళ్ళో అలవాటు. ఈ ఊళ్ళో అక్కర్లేదు. కూర్చున్నావంటే వీళ్ళను నమ్మనట్టే. లే.”

ఆవిడ లేచింది.

ప్యాకెట్టు లేకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. ముసలావిడ కోసం చూశారు. ఆమె ఆ చివర, చేపల కొట్ల వైపు, జనంలో ఎక్కడో ఉంది. డీఎం గారు జేబులోంచి కర్చీఫు తీశారు. తెల్లది, ఇస్త్రీ చేసింది, నాలుగు మడతలది. బల్ల మధ్యలో పెట్టి, అంచులు సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.

వరస పొడుగ్గా ఉంది. ఆవిడ ఒక కాలి మీద, తర్వాత ఇంకో కాలి మీద బరువు వేస్తూ నిలబడింది. వరసలో ఎవరూ దూరడం లేదని డీఎం గారు ఆవిడకు రెండుసార్లు చూపించారు. మసాలా దోసెలు ఆయన చేతికి అందేసరికి పావుగంట పైగా పట్టింది. ట్రే ఆయన, మంచినీళ్ళు ఆవిడ పట్టుకుని వెనక్కి వచ్చారు.

బల్ల దగ్గర ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. ఆదివారం కోసం ఉతుక్కున్న చొక్కా, పని బూట్లు. కర్చీఫు బల్ల చివర ఉంది. ఇంకో మడత పడి, చిన్నదైంది.

“ఎక్స్‌క్యూజ్‌మీ,” అన్నారు డీఎం గారు. “దిస్ టేబుల్ ఈజ్ అవర్స్.”

కుర్రాడు ఆయన్ని చూశాడు, ఆవిడ బొట్టు చూశాడు. మొహం విచ్చుకుంది.

“తెలుగోళ్ళా సార్! ఈ దస్తీ మీదేనా? ఎవరో మర్చిపోయిన్రనుకున్న. కింద పడ్తదని మడిచి పక్కకు పెట్టిన.” లేచి, రెండు చేతులతో అందించాడు.

“మర్చిపోలేదు బాబూ. బల్ల మాదని తెలియడానికి పెట్టి వెళ్ళాను.”

కుర్రాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకున్నాడు. పెద్దాయన కదా అని గొంతు తగ్గించాడు.

“ఇదేమన్న ఆర్టీసీ బస్సా సార్, దస్తీ ఏసి సీటు ఆపుకోనీకె?”

డీఎం గారు నోరు తెరిచారు. మాట రాలేదు.

“కొత్తగొచ్చిన్రు గద, చెప్తున్న. ఏమనుకోకున్రి. ఈడ అసొంటియి చేస్తే మనోళ్ళ ఇజ్జతు పోతది. ఈడ అంత సిస్టం ఉంటది సార్.”

కుర్రాడు గోడ గడియారం వంక చూశాడు. రూమువాళ్ళు ముగ్గురు వస్తున్నారని, బిర్యానీ అయిపోకముందే వరసలో నిలబడాలని చెప్పాడు. ప్యాంటు జేబులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి, బల్ల మధ్యలో పెట్టాడు. ఆవిడకు నమస్కారం చేసి, వెనక్కి తిరిగి చూడకుండా బిర్యానీ కొట్టు వైపు వెళ్ళిపోయాడు.

నాలుగు స్టూళ్ళూ ఖాళీ అయ్యాయి. దోసెలు చల్లారుతున్నాయి. డీఎం గారు ట్రే పట్టుకుని ప్యాకెట్టును చూశారు. ఒక అడుగు పక్కకు జరిగి, ఇంకో బల్ల కోసం మెడ సాచారు.

ఆవిడ మంచినీళ్ళ సీసా బల్ల మీద పెట్టింది.

“అక్కడ ప్యాకెట్టుంది,” అన్నారాయన.

“చూశాను,” అంటూ ఆవిడ దాన్ని చింపి, ఒక కాగితం లాగి, బల్ల మీది చట్నీ మరక తుడిచి, కూర్చుంది.